సీ అర్చిన్ల గురించి తిరుపతిలో తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. మా ల్యాబ్ బీరువాలో ఒక అట్టపెట్టె నిండా సీ అర్చిన్ గుల్లలున్నాయి. ఎవరైనా ఆ బీరువా ముందు ఆగారంటే ప్రశ్నలు మొదలైనట్టే. రామేశ్వరం, కన్యాకుమారి పోయొచ్చిన ఇరుగుపొరుగు వాళ్ళు సంచిలోంచి ఒకటి తీసి చూపించి అడగడమూ మామూలే. అలా పదే పదే ఎదురైన ప్రశ్నల్ని ఇక్కడ ఒకచోట పెట్టాను. కొన్నింటికి ఒక్క ముక్కలో జవాబు సరిపోతుంది, కొన్నింటికి సరిపోదు. ఒక మాట మాత్రం ముందే చెప్పేస్తా. ఈ జీవి ఒంటి మీద ఊరికే అలంకారానికి ఉన్నది దాదాపు ఏమీ లేదు. చుక్కకూ పని ఉంది, చిల్లుకూ పని ఉంది. ఆ పని తెలిశాక చూస్తే ఇంకా బాగుంటుందని నా నమ్మకం.

ఇదేంది సార్? కాయా, నత్తా, చేపా?

ఏదీ కాదు. సముద్ర నక్షత్రానికీ, సముద్ర దోసకాయకూ ఇది దగ్గరి చుట్టం. ఇంటర్ జువాలజీలో కంటకచర్మజీవులు అని చదువుకున్నారే, ఆ కుటుంబం. ఒళ్ళంతా సున్నపు గుల్ల, గుల్ల నిండా ముళ్ళు, అడుగున నోరు, నెత్తిన మలద్వారం. తల లేదు, మెదడు లేదు, గుండె లేదు. అయినా 45 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో వీటి శిలాజాలున్నాయి. ఇప్పుడు బతికున్న జాతులు సుమారు 950. అలలు కొట్టే రాతి ఒడ్డు మొదలుకొని 7,000 మీటర్లు దాటిన లోతుల దాకా, మంచు సముద్రాల్లోనూ పగడపు దిబ్బల్లోనూ ఉన్నాయి.

పిల్లలు నోరు తెరిచేది ఇంకో సంగతికి. వంశవృక్షంలో ఇవి రొయ్యలకన్నా, నత్తలకన్నా మనకే దగ్గర. పిండం ఎదిగే తొలి దశల్లో వీటి పద్ధతీ వెన్నెముక ఉన్న జీవుల పద్ధతీ ఒకే దారిలో నడుస్తాయి.

గుల్ల మీద ఈ డిజైను ఎవరు చెక్కారు? మిషన్‌తో చేసిందా?

రామేశ్వరం అంగళ్ళలో కొన్నవాళ్ళందరికీ వచ్చే అనుమానమే ఇది. ఎవరూ చెక్కలేదు, అది పుట్టినప్పటి నుంచీ పెరిగిన తీరే అంత.

ముళ్ళు రాలిపోయిన గుల్లను కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. పైనుంచి కిందికి ఐదు పట్టీల్లో సన్నని చుక్కల వెలుగు కనిపిస్తుంది. ఆ చుక్కలన్నీ చిల్లులే. ఇంకాస్త దగ్గరగా చూస్తే చిల్లులు జంటలు జంటలుగా ఉంటాయి. ఒక్కో జంట దగ్గర, బతికున్నప్పుడు, ఒక్కో నాళికా పాదం బయటికి వచ్చేది. నీటి ఒత్తిడితో సాగి, చివర చిన్న అంటుబిళ్ళతో రాయిని కరుచుకునే కాలు అది. నడవడానికీ, ఊపిరి పీల్చుకోవడానికీ, తిండి అందుకోవడానికీ అదే ఆధారం.

చిల్లుల పట్టీల మధ్య బొడిపెల వరసలుంటాయి. పెద్ద బొడిపె, దాని పక్కన చిన్నవి, వాటి మధ్య మరీ చిన్నవి. చుక్కలు పెట్టేసి ఇంకా గీతలు కలపని ముగ్గు ఎట్లుంటుందో అట్లుంటుంది. ఒక్కో బొడిపె మీద ఒక్కో ముల్లు కూర్చునేది. గుల్ల మొత్తం ఒకే ముక్క కాదు. నిలువుగా 20 వరసల పలకలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కొత్త పలకలు నెత్తి దగ్గర పుట్టి, పెరుగుతూ పక్కలకు జరుగుతాయి. నెత్తిన వృత్తంగా ఉన్న ఐదు పెద్ద పలకల్లో ఒక్కో రంధ్రం కనబడితే, అండాలో వీర్యమో బయటికి వచ్చేది అక్కడి నుంచే. ఆ ఐదింటిలో ఒకటి మిగతావాటికంటే గరుగ్గా, జల్లెడగా ఉంటుంది. లోపలి నీటి గొట్టాల వ్యవస్థకు బయటి సముద్రంతో సంబంధం అక్కడే.

మన తూర్పు తీరంలో వలలకు తగిలే టెమ్నోప్లూరస్ గుల్ల దొరికితే పలకలు కలిసే చోట్ల చిన్న చిన్న గుంటలు కూడా చూడొచ్చు. మా పెట్టెలో నాకు బాగా ఇష్టమైనవి అవే. రంగేమంత గొప్పగా ఉండదు గానీ భూతద్దం పెట్టి చూస్తే పూట గడిచిపోతుంది.

ముళ్ళు కదులుతాయా, లేక పల్లేరుకాయ ముళ్ళ మాదిరి ఊరికే నిలబడి ఉంటాయా?

కదులుతాయి. మన భుజం కీలు ఎట్లా తిరుగుతుందో ముల్లు అడుగున కూడా అటువంటి గిన్నె కీలే ఉంది, దాని చుట్టూ రెండు పొరలు. బయటి పొర కండరం, ముల్లును ఎటు కావాలంటే అటు వంచుతుంది. లోపలి పొర మరీ చిత్రమైనది. అప్పటిదాకా మెత్తగా ఉండి, అవసరం పడితే బిర్రుగా బిగుసుకుపోతుంది. అలా బిగుసుకున్నాక ముల్లును కదిలించాలంటే విరగ్గొట్టడమే. కండరానికి శ్రమ లేకుండా అలలో గంటల తరబడి నిలబడగలుగుతుందంటే అందుకే. విరిగిన ముల్లు మళ్ళీ మొలుస్తుంది.

నల్లని పొడుగు ముళ్ళ డయాడెమా మీద చెయ్యి నీడ పడితే చాలు, ముళ్ళన్నీ నీడ వచ్చిన వైపు తిరుగుతాయి. ముళ్ళ మధ్యలో కంటికి సరిగా ఆనని చిట్టి పటకార్లు వేరే ఉన్నాయి. కాడ మీద మూడు దవడలు. ఒంటి మీద వాలిన చెత్తనూ, స్థిరపడాలని చూసే చిన్న జీవుల్నీ పట్టి పారేయడం వాటి పని.

ఎన్నో రకాలున్నాయంటారు గదా, చూడాల్సినవి చెప్పండి.

ఎవరినడిగినా ముందు డయాడెమా ఫోటోనే చూపిస్తారు. కాదనను. డయాడెమా సెటోసమ్‌కు ముళ్ళు గుల్లకంటే ఎన్నో రెట్లు పొడుగు, నల్లని ఒంటి మీద ఐదు తెల్లచుక్కలు, నెత్తిన నారింజరంగు వలయం. దాని ముళ్ళ మధ్య చిన్న చేపలు గుంపుగా దాక్కుంటాయి. కానీ దాని దగ్గరే ఆగిపోతే మిగతావాటికి అన్యాయం చేసినట్టే.

ఆస్ట్రోపైగా రేడియేటాను చూడండి. దాని ఎర్రని ఒంటి మీద వరసలు కట్టిన నీలి చుక్కలు వెలుతురు పడితే మిలమిలమంటాయి. మెస్పీలియా అనే బుజ్జిదానికి గుల్ల మీద నిలువుగా ముళ్ళు లేని వెడల్పాటి నీలం పట్టీలు, ముట్టుకుంటే మఖమల్ అనిపించేలా. సాల్మసిస్ బైకలర్ మన బంగాళాఖాతంలోనే ఉంది. ముళ్ళ మొదట్లో ఎరుపు, పైకి పోయేకొద్దీ పసుపు పట్టీలు. ఎక్కడెక్కడి పగడపు దిబ్బల వీడియోలో చూసి మురిసిపోయేవాళ్ళు మన వలల్లో పడేదాన్ని ఒకసారి చూడాలి.

పలక బలపం అర్చిన్ ఒకటుంది, హెటెరోసెంట్రోటస్. ముళ్ళు సూదిగా కాదు, వేలంత లావుగా, మూడు పక్కలుగా ఉంటాయి. ఒకప్పుడు వాటితో పలకల మీద రాసేవాళ్ళు. రాళ్ళ పగుళ్ళలో ఆ లావు ముళ్ళను అడ్డంగా బిగించుకుంటే ఎంత అల వచ్చినా కదలదు. అల మరీ బలంగా కొట్టే చోట కోలోబోసెంట్రోటస్ ఉంటుంది. దానికి ముళ్ళనే పేరే తప్ప ముళ్ళు లేవు. అన్నీ చదునై, పెంకుల మాదిరి ఒకదాని పక్కన ఒకటి పరుచుకుని ఉంటాయి. నీళ్ళు దాని మీది నుంచి జారిపోతాయి. లోతు సముద్రంలోని పూర్టలేసియా మరీ విడ్డూరం, గుండ్రంగా కాకుండా సీసా ఆకారంలో ఉంటుంది.

సిడారిస్ జాతి వాళ్ళది పాత వంశం. 25 కోట్ల ఏళ్ళ క్రితం సముద్ర జీవులు పెద్ద ఎత్తున తుడిచిపెట్టుకుపోయిన కాలాన్ని దాటి వచ్చిన కొద్దిపాటి అర్చిన్ వంశాల్లో అదొకటి. మిగతా అర్చిన్లకు ముళ్ళ మీద పలచని చర్మం ఉంటుంది. వీటికి ఎదిగిన ముళ్ళ మీద అది ఉండదు. అందుకని స్పాంజీలూ, నాచూ వాటి మీద హాయిగా కాపురం పెడతాయి.

అందానికి జరిగిన ఒక తమాషా కూడా చెప్పాలి. పసిఫిక్‌లోని న్యూ కాలెడోనియా దగ్గరి ఒక అర్చిన్ గుల్లలు ఈబే అనే ఆన్‌లైన్ అంగట్లో మంచి ధరకు అమ్ముడుపోతుండేవి. ఎర్రటి, ఊదా గీతలతో అంత బాగుంటాయి. తీరా చూస్తే అది శాస్త్రానికి అప్పటిదాకా తెలియని జాతి. 2006లో కొయిలోప్లూరస్ ఎక్స్‌క్విజిటస్ అని పేరు పెట్టారు. అంగడి ముందు, శాస్త్రం వెనక.

ఆ రంగులు ఎక్కడివి? చచ్చినాక ఎందుకు వెలిసిపోతాయి?

ఎక్కువ భాగం స్పైనోక్రోమ్‌లు అనే రంగు పదార్థాలవి. ఎరుపు, ఊదా, పచ్చ ఛాయలు వాటివే. అవి ఒంట్లో సూక్ష్మజీవులతో పోరాటానికీ పనికొస్తాయి. ఎండలో పడేస్తే వెలిసిపోతాయి, అందుకే తీరంలో ఏరుకున్నవి తెల్లగా ఉంటాయి. అంగట్లో మరీ గులాబీరంగులో మెరుస్తుంటే మాత్రం రంగు వేశారేమో అడగండి.

శాండ్ డాలర్ అని తెల్లబిళ్ళ దొరుకుతుంది, మధ్యలో పువ్వు ఉంటుంది. అది కూడా ఇదేనా?

ఇదే. కాకపోతే ఇసుకలో బతకడానికి చదునైన అర్చిన్. బతికున్నప్పుడు తెల్లగా ఉండదు. ముదురు గోధుమ రంగో ఊదా రంగో ఉండి, పొట్టి ముళ్ళు ఒత్తుగా పరుచుకుని ఉంటాయి. ఆ ఐదు రేకుల పువ్వు నిజానికి ఊపిరితిత్తుల పని చేసే చోటు. శ్వాసకు పనికొచ్చే నాళికా పాదాలు ఆ రేకుల్లోని చిల్లుల్లోంచే బయటికి వస్తాయి. మన తూర్పు తీరపు ఎకైనోడిస్కస్‌కు అంచు దగ్గర రెండు సన్నని చీలికలు కూడా ఉంటాయి. ఎండిన బిళ్ళను చెవి దగ్గర ఊపితే లోపల ఏదో గలగలమంటుంది చూడండి, అవి విడిపోయిన దవడ ముక్కలు.

అమెరికా పడమటి తీరపు శాండ్ డాలర్ పిల్లలు బరువైన ఇసుక రేణువుల్ని ఏరి మింగుతాయి. ఒంట్లో బరువుంటే అల ఎత్తుకుపోదు. ఆ జాతి డింభకాలదైతే, అంటే గుడ్డు నుంచి వచ్చిన తొలి రూపానిదైతే, ఇంకా పెద్ద ఎత్తు. దగ్గర్లో చేప ఉందని నీటిలోని చేప జిగురును బట్టి పసిగడితే, తమను తాము రెండుగా చేసుకుంటాయి. చిన్నవైపోతే చేప కంటికి ఆనవు గదా. దీన్ని 2008లో ప్రకటించారు.

హార్ట్ అర్చిన్లు కూడా ఈ కోవలోవే. ఇసుకలో జానెడు లోతున ఉండి, పొడవాటి నాళికా పాదాలతో పైకి గాలిగొట్టం ఒకటి తెరిచి ఉంచుకుంటాయి.

నోరు అడుగున ఉంటే తినేదెట్లా?

పాకుతూ, కింద ఉన్నదాన్ని గీకుతూ. నోట్లో ఐదు పళ్ళు, వాటితో కలిపి 40 చిన్న ఎముకల్లాంటి ముక్కలు, వాటికి కండరాలు. ఈ యంత్రం మొత్తాన్ని అరిస్టాటిల్ లాంతరు అంటారు. ఆయన జంతువుల గురించి రాసినచోట దీని ప్రస్తావన ఉంది. పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అరిగేటప్పుడు బలహీనమైన పొరల దగ్గరే విరుగుతాయి కాబట్టి అంచు ఎప్పుడూ పదునుగానే ఉంటుంది. ఎకైనోమెట్రా మథాయ్ ఆ పళ్ళతో సున్నపురాయిని తొలిచి సొంతంగా గుంత చేసుకుంటుంది.

కళ్ళు లేవంటారు, నీడ పడితే ఎట్లా తెలుస్తుంది?

నాళికా పాదాల్లో వెలుతురును పట్టే కణాలున్నాయి. మన కంట్లో ఉండే ఆప్సిన్ల కోవకు చెందిన ప్రోటీన్లే వాటిలోనూ ఉన్నాయి. అంటే ఒళ్ళంతా పరుచుకున్న ఒకే కన్నన్నమాట. బొమ్మ అంత స్పష్టంగా కనబడదు గానీ చీకటి గుంత ఎక్కడుందో, నీడ ఎటు నుంచి వస్తోందో తెలుస్తుంది.

కాలిఫోర్నియా ఊదా అర్చిన్ జన్యుపటం 2006లో పూర్తయింది. సుమారు 23,000 జన్యువులు. వ్యాధికారకాల్ని గుర్తుపట్టే టోల్ రకం జన్యువులు మనకు 10 ఉంటే దానికి 222. మెదడు లేదని చిన్నచూపు చూసే పిల్లల దగ్గర ఈ లెక్క తీస్తాను.

పిల్లల్ని కంటాయా, గుడ్లు పెడతాయా?

ఆడవి అండాల్నీ మగవి వీర్యాన్నీ నీళ్ళలోకే వదిలేస్తాయి. కలయిక అక్కడే. పుట్టే డింభకానికి తల్లి పోలిక ఒక్కటీ ఉండదు. పారదర్శకంగా, చేతులు చాపుకున్నట్టున్న సున్నపు కడ్డీలతో, కుడిఎడమలు సమానంగా ఉంటుంది. వారాలు, కొన్నింటికి నెలలు, నీటిపై తేలుతూ తిరుగుతుంది. ఈలోగా దాని ఎడమ పక్కన లోపలే చిన్న అర్చిన్ తయారవుతుంది. సరైన అడుగు దొరికినప్పుడు డింభకం రూపం విడిచి ఆ చిన్నది బయటపడుతుంది. చాలా జాతుల్లో ఆ మార్పు గంట అటూ ఇటూలో అయిపోతుంది. గుడ్డు నుంచి ఎదిగేదాకా రెండు శరీరాలు, రెండు రకాల సౌష్ఠవం. కప్ప కథ చెప్పి మురిసిపోతాం గానీ దీని ముందు అది పెద్ద లెక్క కాదు.

ఈ అండాలు గాజులా తేటగా ఉండటం వల్ల మనిషి పుట్టుక గురించి కూడా చాలా తెలిసింది. 1875లో మధ్యధరా తీరంలో ఆస్కార్ హెర్ట్‌విగ్ సూక్ష్మదర్శిని కింద అర్చిన్ అండంలో రెండు కేంద్రకాలు కలవడం చూశాడు. ఫలదీకరణ అంటే ఏమిటో అప్పుడు కంటికి కనబడింది. 1891లో హాన్స్ డ్రీష్ రెండు కణాల దశలో ఉన్న పిండాన్ని విడదీస్తే, సగం జీవి కాకుండా రెండు పూర్తి డింభకాలు తయారయ్యాయి. 1982లో టిమ్ హంట్ అమెరికాలోని వుడ్స్ హోల్‌లో అర్చిన్ అండాలతో పని చేస్తూ, కణం చీలే ప్రతిసారీ పెరిగి మాయమయ్యే ప్రోటీన్‌ను గమనించాడు. అదే సైక్లిన్. క్యాన్సర్ పరిశోధనకు ఆయువుపట్టు అయిన ఆ పనికి 2001లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ వచ్చింది.

ఎంత కాలం బతుకుతాయి?

జాతిని బట్టి. కొన్ని నాలుగేళ్ళకే అయిపోతాయి. ఉత్తర పసిఫిక్ ఎర్ర అర్చిన్లు 100 ఏళ్ళు దాటుతాయి, కొన్ని 200 దగ్గరికి వచ్చి ఉండొచ్చని 2003లో వెలువడిన అధ్యయనం చెప్పింది. 1950ల అణుపరీక్షల వల్ల సముద్రంలో పెరిగిన కార్బన్-14 గుర్తు వాటి గట్టి భాగాల్లో ఎక్కడ పడిందో చూసి పెరుగుదల వేగం లెక్కగట్టారు. ముసలివైనా సంతానోత్పత్తి తగ్గినట్టు కనబడదు.

మన కల్యాణి డ్యామ్‌లో, స్వర్ణముఖిలో ఎందుకు లేవు?

అర్చిన్లే కాదు, ఈ కుటుంబంలో ఒక్కటి కూడా మంచినీళ్ళలో బతకదు. ఒంట్లో ఉప్పును బయటి నీటికి భిన్నంగా నిలబెట్టుకునే ఏర్పాటు వీటికి లేదు. సముద్రపు నీరే వీటి గొట్టాల్లో తిరిగేది. తేట నీళ్ళలో వేస్తే కణాలు ఉబ్బి చచ్చిపోతాయి. పులికాట్ కూడా వీటికి అచ్చిరాదు. అక్కడ వానలకు ఉప్పు పలచబడి, ఎండాకాలం చిక్కబడుతుంది.

తిరుమల కొండ ఒకప్పుడు సముద్రం అడుగంటారు గదా, అక్కడ శిలాజాలు దొరుకుతాయా?

మంచి ప్రశ్న, సగం నిజం కూడా. శిలాతోరణం ఉన్న ఆ క్వార్ట్‌జైట్ రాయి నీటి అడుగున పేరుకున్న ఇసుకే. అలల ముడతల గుర్తులున్న రాళ్ళు ఈ కొండల్లో ఉన్నాయి. కానీ వాటి వయసు 150 కోట్ల ఏళ్ళకు పైనే. జంతువులే పుట్టని కాలం అది. ఘాట్ రోడ్డు పక్కన బోర్డు పెట్టి చూపించే ఎపార్కియన్ అసంగతి (బాగా పాత రాతి మీద, మధ్యలో చాలా కాలం గడిచాక, కొత్త రాతి పొర కూర్చున్న చోటు) ఇంకా పాత లోకాన్ని పరిచయం చేస్తుంది. అర్చిన్ శిలాజాలు కావాలంటే తమిళనాడులోని అరియలూరు వైపు పోవాలి. అక్కడివి క్రెటేషియస్ కాలపు సముద్రపు అడుగు రాళ్ళు, డైనోసార్ల నాటివి. వాటిలోని కంటకచర్మజీవులను శిలాజ శాస్త్రవేత్త స్టోలిచ్కా 1873లోనే వర్ణించాడు.

తిరుపతి నుంచి పోయి బతికున్నవి చూడాలంటే యాడికి పోవాల?

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేట, తడ వైపు మనకూ సముద్రం వచ్చింది. కానీ ఆ తీరం అంతా ఇసుక. రాతిని కరుచుకుని బతికే అర్చిన్లకు అక్కడ పట్టు లేదు. వల విదిల్చినప్పుడు రాలేవీ, అల తెచ్చి పడేసే గుల్లలూ, బిళ్ళలూ మాత్రమే ఆశించండి.

బతికున్నవి కావాలంటే విశాఖపట్నం. తెన్నేటి పార్కు కింది రాళ్ళ దగ్గర, అమావాస్యకో పౌర్ణమికో అటూఇటూ రోజుల్లో, ఆటు బాగా లాగిన వేళకు చేరుకోండి. రాళ్ళ గుంతల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి. వాటి గోడల్లోని బొక్కల్లో నల్లగా, వంగి చూస్తే పచ్చటి మెరుపుతో స్టోమోప్న్యూస్టిస్ కనిపిస్తుంది. కదలకుండా ఓ పది నిమిషాలు కూర్చుంటే ముళ్ళ మధ్య నుంచి సన్నని పాదాలు సాగి, నీళ్ళలో తడుముకుంటూ, రాయికి అంటుకుంటూ వదులుతూ ఉండటం చూడొచ్చు. ఎక్కడైనా అల తిరగేసి పడేసినది కనబడితే దాన్ని ముట్టుకోకుండా గమనించండి. ఒక పక్క పాదాలు అంచుకు పాకి రాయిని పట్టుకుంటాయి, వాటి వెనక మరికొన్ని, మెల్లగా ఒరుగుతూ ఒరుగుతూ నోరు కిందికి వచ్చేదాకా. తొందరపడే పిల్లలకు చూపించే దృశ్యం కాదది, కానీ చూసినవాళ్ళు మర్చిపోరు.

చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. వీపు సముద్రం వైపు పెట్టి ఫోటోలు తీసుకోవద్దు. ఆ రాళ్ళ మీద అల చెప్పి రాదు. గుంతలోని జీవిని బయటికి తీసి చేతిలో పెట్టుకుని నవ్వే ఫోటో కూడా వద్దు.

గుచ్చుకుంటే చచ్చిపోతారా?

మామూలు అర్చిన్లకు అంత భయం లేదు, నొప్పి మాత్రం గట్టిగా ఉంటుంది. ముల్లు లోపల విరిగిపోతుంది. పైకి కనబడే ముక్కను పట్టకారుతో నిటారుగా లాగండి. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో (45 డిగ్రీలు దాటకుండా) అరగంట నుంచి గంటన్నర పెడితే నొప్పి తగ్గుతుంది. ఊదా మచ్చ కనబడితే అది ముల్లే అనుకోనక్కరలేదు, రంగు అయితే ఒకట్రెండు రోజుల్లో పోతుంది. కీలు దగ్గర దిగినా, వాపు పెరిగినా, ఊపిరి ఇబ్బందైనా డాక్టరు దగ్గరికే. టెటనస్ ఇంజెక్షన్ సంగతీ అడగండి.

నిజంగా దూరం ఉండాల్సింది పువ్వు అర్చిన్, టాక్సోప్న్యూస్టిస్. ముళ్ళు పొట్టివి. వాటి పైకి విచ్చుకున్న లేత గులాబీ పువ్వులన్నీ విషపు పటకార్లే. చూడ్డానికి ఎంత సుతారమో తాకితే అంత ప్రమాదం. నిప్పు అర్చిన్ ఆస్థెనోసోమా కూడా అంతే, ముళ్ళ కొసల్లో విషపు తిత్తులు. డైవింగ్ చేసేవాళ్ళకు తప్ప మనకు అవి ఎదురయ్యే సందర్భం తక్కువ.

తింటారా వీటిని?

జపాన్ వాళ్ళు ఊని అంటూ తింటారు. గుల్ల లోపల ఉండే ఐదు బీజకోశాలే ఆ తిండి. ఇటలీ, ఫిలిప్పీన్స్‌లలోనూ ఉంది. పట్టేదాంట్లో చిలీది పెద్ద చెయ్యి. నేను రుచి చూడలేదు, చూడాలనీ లేదు.

సముద్రానికి ఇవి మేలా, చేటా?

ఈ ప్రశ్నకు అవుననో కాదనో చెప్పేవాళ్ళను నమ్మొద్దు. అంతా సంఖ్య మీదే ఆధారపడి ఉంది.

కరీబియన్‌లో డయాడెమా ఆంటిలారమ్ పగడాల మీది నాచును మేసి శుభ్రంగా ఉంచేది. 1983 జనవరిలో పనామా దగ్గర మొదలైన తెగులు ఏడాది పైచిలుకులో ఆ సముద్రమంతా పాకి 90 శాతానికి పైగా చంపేసింది. మేసేవి పోయాక నాచు పగడాల్ని కమ్మేసింది. కొంచెం కోలుకుంటుండగా 2022లో మళ్ళీ తెగులు. ఈసారి కారణం తెలిసింది, సీలియాలు అనే సన్నని వెంట్రుకల్లాంటివి ఉన్న ఒక ఏకకణజీవి. మధ్యధరా, ఎర్ర సముద్రాల్లోని డయాడెమా సెటోసమ్‌ల చావుల వెనకా అదే తేలింది.

కాలిఫోర్నియా ఉత్తర తీరంలో కథ తిరగబడింది. 2013 నుంచి సముద్ర నక్షత్రాలకు తెగులు తగిలి, అర్చిన్లను తినే పొద్దుతిరుగుడు నక్షత్రం దాదాపు కనుమరుగైంది. ఆ వెంటనే 2014–16 మధ్య సముద్రం వేడెక్కింది. అదుపు తప్పిన ఊదా అర్చిన్లు కెల్ప్ నాచు అడవుల్ని మేసేశాయి, బుల్ కెల్ప్‌లో 90 శాతానికి పైగా పోయింది. తిండి అయిపోయాక కూడా అవి చావలేదు. లోపల ఖాళీ అయిపోయి ఏళ్ళ తరబడి అలాగే ఉండగలవు, దాంతో కొత్త మొలక లేచే అవకాశం లేకుండా పోయింది. అలాస్కా వైపు అర్చిన్లను తినే సముద్రపు నీటిపిల్లులను (సీ ఆటర్లను) బొచ్చు కోసం వేటాడినప్పుడూ ఇదే జరిగింది.

హవాయిలో మాత్రం వీటిని పనికి పెట్టుకున్నారు. ట్రిప్న్యూస్టిస్ గ్రటిల్లా పిల్లల్ని పెంచి, బయటి నుంచి వచ్చి పగడాల మీద అల్లుకున్న నాచును మేయడానికి కనెయోహె బేలో వదులుతున్నారు. మీద గుల్లలూ, ఆకుముక్కలూ కప్పుకుని తిరిగే అలవాటున్న అర్చిన్ అది. ఎండ నుంచి కాపాడుకోవడానికే అని ఎక్కువమంది అంటారు.

ఇంట్లో అక్వేరియంలో పెంచుకోవచ్చా?

తిరుపతి ఎండలకు, కరెంటు కోతలకు వద్దనే చెబుతాను. ఉప్పునీటి తొట్టి, చల్లదనం, నీటి పరీక్ష ఇవన్నీ రోజూ ఉండాలి. గోల్డ్‌ఫిష్ తొట్టిలో ఉప్పు కలిపితే కుదిరేది కాదు.

యాత్రకు పోయినప్పుడు అంగట్లో గుల్లలు కొనొచ్చా? తెచ్చుకున్నదాన్ని ఎట్లా పెట్టుకోవాల?

అర్చిన్ గుల్లకంటే ముందు మిగతావాటి సంగతి చూసుకోండి. పగడపు కొమ్మలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నవి, కొనడమే నేరం. శంఖాల్లోనూ కొన్నింటికి ఆ రక్షణ ఉంది. అంగడివాడు "ఏం కాదు అన్నా" అంటే అది అతని మాట.

నా మటుకు తీరంలో అప్పటికే చచ్చి తెల్లబడిన గుల్లనే ఏరుకోమంటాను. బతికున్నదాన్ని తెచ్చి ఉడకబెట్టి ముళ్ళు గీకితే వచ్చేది వస్తువే గానీ పాఠం కాదు. ఏరిన గుల్లను మంచినీళ్ళలో ఒక పూట నానబెట్టి ఉప్పు పోనివ్వండి, లోపలి ఇసుకను ఊపి రాల్చండి, నీడలో ఆరబెట్టండి. బ్రష్ వద్దు, బొడిపెలు అరిగిపోతాయి. వెనిగర్, నిమ్మరసం అసలే వద్దు, సున్నం కరిగిపోతుంది. బస్సులో తెచ్చేటప్పుడు దూది చుట్టి గట్టి డబ్బాలో పెట్టండి, దుస్తుల సంచి అడుగున పెడితే తిరుపతి చేరేసరికి పొడి మిగులుతుంది. ఏ తీరంలో, ఏ తేదీన దొరికిందో ఒక చీటీ మీద రాసి డబ్బాలోనే వేసేయండి. చీటీ లేని గుల్లలు మా బీరువాలో ఇప్పటికే చాలా ఉన్నాయి.